ఆరు కోచ్‌ల ప్లాట్‌ఫారం మీద మూడు కోచ్‌ల రైలు ఇంకెన్నాళ్లు? పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

హైదరాబాద్ మెట్రో గురించి మీకు మొదటి నుంచీ చెప్పుకురావాల్సిన పని లేదు. ఫైళ్లన్నీ మీ దగ్గరే ఉన్నాయి. వినతిపత్రాలు ఇచ్చాం, రసీదు ముద్రలు వేయించుకున్నాం, ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబూ అందుకున్నాం. ఎవరు పరిశీలిస్తున్నారో, ఎప్పటికి తేలుస్తారో ఆ జవాబులో లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం. మా గోడు ఒక్కటే: కోచ్‌లు.

అమీర్‌పేట స్టేషన్‌నే తీసుకోండి. కింద రోడ్డు, దాని మీద టికెట్ల హాలు (కాన్‌కోర్స్), ఆపైన మియాపూర్ – ఎల్బీనగర్ రెడ్ లైన్, అన్నిటికన్నా పైన నాగోల్ – రాయదుర్గం బ్లూ లైన్. గేటు దాటి బయటికి రాకుండానే రైలు మారొచ్చు. మంచి ఏర్పాటే, కాదనం. ఇక ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి చూడండి. ఆరు కోచ్‌ల రైలు ఆగేంత పొడవుంటుంది. వచ్చి ఆగేది మాత్రం మూడు కోచ్‌ల రైలు, కొలిస్తే 70 మీటర్లు దాటదు. పదిమందికి విస్తళ్లు వేసి ఐదుగురికే వడ్డించినట్టు, ప్లాట్‌ఫారంలో సగం ఖాళీగా పడి ఉంటుంది. మిగతా సగంలో జనం ఒకరి భుజం మీద ఒకరు ఎక్కి నిలబడతారు. ఈ ఒక్క స్టేషనే కాదు, మెట్రో మూడు లైన్లలోనూ ఇదే వరస.

2010 సెప్టెంబరు 4న మెట్రో నిర్మాణ ఒప్పందం మీద సంతకాలు పెట్టిన నాడే జనం పెరుగుతారని తెలుసు. తెలుసు కాబట్టే ఆరు కోచ్‌లకు సరిపడా కాంక్రీటు పోశారు. 2017 నవంబరు 28న ప్రారంభమైనప్పుడు అమీర్‌పేట రెండు లైన్లకూ ఆఖరి స్టేషన్. అప్పటికి మూడు కోచ్‌లు సరిపోయాయి. 2018 సెప్టెంబరు 24న రెడ్ లైన్ ఎల్బీనగర్ దాకా వెళ్లింది. 2019 మార్చి 20న బ్లూ లైన్ హైటెక్ సిటీ చేరింది, అదే ఏడాది నవంబరు 29న రాయదుర్గం. 2020 ఫిబ్రవరి 7న మూడో లైన్, జేబీఎస్ – ఎంజీబీఎస్ (జూబ్లీ, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ల మధ్యది) కూడా కలిసింది. పట్టాలు 69 కిలోమీటర్లయ్యాయి. రైలు మాత్రం ఆ మూడు కోచ్‌ల దగ్గరే ఆగిపోయింది.

పొద్దున ఆఫీసు వేళ అమీర్‌పేటలో జరిగేది ఇది. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వైపు నుంచి ఒక రైలు, కూకట్‌పల్లి వైపు నుంచి ఇంకొకటి కింది అంతస్తులో ఖాళీ అవుతాయి. దిగినవాళ్లలో చాలామందికి కావాల్సింది పైనున్న రాయదుర్గం ప్లాట్‌ఫారమే. ఒక రైలు నుంచి 400 మంది ఎస్కలేటర్ వైపు మళ్లారనుకుందాం. ఒక మీటరు వెడల్పు మెట్లతో సెకనుకు అర మీటరు కదిలే ఎస్కలేటర్, కాగితం మీద లెక్క ప్రకారమే నిమిషానికి 100 మందిని ఎక్కిస్తుంది. బ్యాగులు, సందులు, ఫోన్ చూస్తూ మొదటి మెట్టు దగ్గర తటపటాయించే వాళ్లు, ఇవన్నీ పోను అంతకు చాలా తక్కువే. అంటే 400 మంది పైకి చేరడానికి నాలుగు నిమిషాలకు పైనే. ఈలోగా కింద మరో రైలు వచ్చి ఆగుతుంది.

సరే, పైకి చేరారు. అక్కడికి వచ్చే రైలు నాగోల్, ఉప్పల్, సికింద్రాబాద్, బేగంపేటల జనాన్ని ముందే నింపుకొని వస్తుంది. కోచ్‌కు ఒక వైపు 4 తలుపులు, మూడు కోచ్‌లకు కలిపి 12. ఒక్కో తలుపు ముందు దిగేవాళ్లు బయటికి తోస్తుంటే ఎక్కేవాళ్లు లోపలికి తోస్తుంటారు. 20, 30 సెకన్లలో మూసుకోవాల్సిన తలుపు ఎవరి బ్యాగో అడ్డుపడి తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకోబోయి మళ్లీ తెరుచుకుంటుంది. ఆ ఆలస్యం ఆ ఒక్క రైలుతో పోదు. వెనక వచ్చే రైలు స్టేషన్ బయటే ఆగాలి. అది వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద ఇంకో వందమంది చేరతారు కాబట్టి అది మరింత ఆలస్యంగా కదులుతుంది. సాయంత్రానికి ఇదే తంతు తిరుగుదిశలో. స్టేషన్‌ను కట్టిన ఇంజినీర్ల తప్పేమీ లేదు ఇందులో. వాళ్లు గీసిన స్టేషన్‌కు తగ్గ రైలు ఇంతవరకూ రాలేదు, అంతే.

అడిగినప్పుడల్లా ‘రైళ్ల సంఖ్య పెంచుతాం’ అంటారు. సిగ్నలింగ్ 90 సెకన్లకో రైలు నడపగలదని గొప్పగా చెప్పారు కూడా. నడపగలదు సార్, రైళ్లుంటే. ఉన్నవి 57. రెడ్ లైన్ 29 కిలోమీటర్లు. ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, తిరిగి, మళ్లీ బయల్దేరడానికి దాదాపు 110 నిమిషాలు. లైను పొడవునా 3 నిమిషాలకో రైలు కావాలంటే 110ని 3తో భాగించండి, ఆ ఒక్క లైనుకే 37 రైళ్లు కావాలి. బ్లూ లైన్ పొడవూ ఇంచుమించు అంతే, దానికీ దాదాపు అన్నే. జేబీఎస్ లైనుకు వేరే. మరమ్మతులకు డిపోలో ఆగేవీ, అక్కరకని పక్కన ఉంచేవీ ఇంకా లెక్కలోకే రాలేదు. ఉన్న 57ను ఎటు సర్దినా ఒక చోట దగ్గర చేస్తే ఇంకోచోట ఎడం పెరుగుతుంది. లైను మొత్తం తిరగకుండా అమీర్‌పేట – రాయదుర్గం మధ్యే తిరిగే షార్ట్ లూప్ రైళ్లు నడిపారు. మంచి పనే, ఖాళీ రైలు అక్కడే మొదలవుతుంది కాబట్టి మారేవాళ్లకు కాస్త ఊపిరాడుతుంది. కానీ దానికి వాడే రైలు కూడా ఆ 57లోదే కదా!

కోచ్‌లు అంగట్లో దొరికే సరుకు కాదని మాకూ తెలుసు. ఇప్పుడున్న రైలులో ముందూ వెనకా డ్రైవర్ క్యాబిన్ ఉన్న మోటారు కోచ్‌లు, మధ్యలో మోటారు లేని ట్రెయిలర్ కోచ్. దీన్ని ఆరుకు పెంచాలంటే మధ్యలో ట్రెయిలర్లు మాత్రమే చేరిస్తే లాగే శక్తి, బ్రేకుల లెక్క తప్పుతాయి, మోటారు కోచ్‌లూ ఉండాలి. అలాకాక మూడు కోచ్‌ల రైళ్లు రెండింటిని జత చేస్తే, మధ్యలో రెండు క్యాబిన్ల చోటు వృథా, ఒక సగంలోంచి రెండో సగంలోకి వెళ్లే దారీ ఉండదు. ఎలా చేసినా రైలు పొడవు మారగానే సిగ్నలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆగే చోటు, బ్రేకు దూరం మార్చాలి. ఉప్పల్, మియాపూర్ డిపోల్లో తనిఖీ లైన్లు, నిలిపే లైన్లు ఎంత పొడవు రైలుకు సరిపోతాయో చూడాలి. కరెంటు సబ్‌స్టేషన్ల సామర్థ్యం చూసుకోవాలి. ఆపైన ట్రయల్ రన్లు, మెట్రో రైల్వే భద్రతా కమిషనర్ అనుమతి. ఇవాళ ఆర్డర్ పెడితే రేపు రైలు రాదు. మా బాధ అదే. రేపు రాని దానికి ఇవాళ కూడా ఆర్డర్ పెట్టకపోతే ఎలా? ఓ దఫా వేరే నగరం నుంచి కోచ్‌లు అద్దెకు తెస్తామన్న మాట వార్తల్లోకి వచ్చింది, తర్వాత చడీచప్పుడూ లేదు.

2025 మేలో చార్జీలు మాత్రం చకచకా పెంచారు. 10, 60 రూపాయలున్న కనిష్ఠ, గరిష్ఠ చార్జీలు 12, 75 అయ్యాయి. వారం తిరక్కుండానే 10 శాతం తగ్గింపని చెప్పి 11, 69 చేసి దాన్ని ఊరట అన్నారు. ఇంతా చేసి ఎక్కువ డబ్బిచ్చి కొన్నది అదే మూడు కోచ్‌లలో అదే ఒంటికాలి ప్రయాణం.

అన్నిటికన్నా భయపెడుతున్నది మెట్రో రెండో దశ విస్తరణ. 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల రూపాయలతో కేంద్రానికి ప్రతిపాదన పంపారు, సంతోషం. అందులో మియాపూర్ – పటాన్‌చెరు 13.4, ఎల్బీనగర్ – హయత్‌నగర్ 7.1 కిలోమీటర్లు. రెండూ రెడ్ లైనుకు రెండు కొసల్లో అతుకులే. 29 కిలోమీటర్ల లైను 49 దాటుతుంది. రైలు ఒక చుట్టు తిరగడానికి మూడు గంటలు పడుతుంది. అప్పుడు 3 నిమిషాలకో రైలు కావాలంటే 60 కావాలి. ఇప్పుడున్న మొత్తం 57 రైళ్లూ ఆ ఒక్క లైనుకే చాలవు! పటాన్‌చెరులో ఎక్కినవారూ హయత్‌నగర్‌లో ఎక్కినవారూ దిగి మారేది ఎక్కడో వేరే చెప్పాలా?

కాబట్టి దయచేసి కోచ్‌ల సంగతి తేల్చండి. ఉన్న రైళ్లను ఆరుకు పెంచడం కుదరకపోతే ముందు కొన్ని కొత్త రైళ్లయినా తెప్పించండి, వాటినైనా ఆరు కోచ్‌లవి అడగండి. అవి వచ్చేదాకా రద్దీ వేళల్లో అమీర్‌పేటలో ఎస్కలేటర్లను జనం వెళ్లే దిక్కుకే ఎక్కువ నడపండి. రాయదుర్గం వైపు వెళ్లేవారు ఏ మెట్లెక్కాలో రైలు దిగకముందే తెలిసేలా కోచ్‌లోనే చెప్పించండి. షార్ట్ లూప్ రైలు ఏ సమయానికో బోర్డు మీద వేయించండి. ఇవి పెద్ద ఖర్చు లేని పనులు. ఖర్చయ్యే పని మాత్రం కోచ్‌లే, మళ్లీ మళ్లీ అడుగుతున్నదీ అవే.

ఈ లేఖకూ ‘పరిశీలనలో ఉంది’ అనే జవాబిచ్చేటట్టయితే, ఎన్ని కోచ్‌లు, ఏ నెలకు అన్న రెండు ముక్కలు కూడా దాని కింద రాయించండి.

ఇట్లు,
అమీర్‌పేటలో రైలు మారే ప్రయాణికులు