ఏడిపిస్తే సరిపోతుందా?

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్‌లో, ట్రాజెడీ అంటే చివర్లో హీరో చావాలి, జనం ఏడవాలి, దానికింత శాస్త్రమెందుకు అన్నావు చూడు, అప్పుడు చార్జింగ్ అయిపోయి వాదించలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా వాదిస్తా, కాస్త ఓపిగ్గా చదువు.

ఏడిపించడమే లెక్కయితే పాతకాలపు గ్రీకు నాటకకర్త ఫ్రినికస్‌ని మించినవాడు లేడు. క్రీ.పూ. 494లో పర్షియన్లు మిలెటస్ నగరాన్ని కొల్లగొట్టారు, ఏథెన్స్‌వాళ్లకి ఆ ఊరంటే అయినవాళ్ల ఊరు. ఇతను ఆ ఘోరాన్నే నాటకం కట్టి ఆడించాడు. చూసినవాళ్లంతా భోరుమన్నారు. తర్వాత ఏం చేశారనుకున్నావ్? మా ఇంటి బాధ మాకే గుర్తుచేస్తావా అని 1,000 ద్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకం ఇంకెవరూ ఆడకూడదని ఆర్డరేశారు! గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన సంగతే.

ట్రాజెడీకి శాస్త్రం రాసిన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ లెక్క వేరు. జాలీ భయమూ కథ అల్లికలోంచి పుట్టాలంటాడు, వేదిక మీది హంగుల్లోంచి కాదు. ఈడిపస్ కథ చూడకుండా వట్టిగా విన్నా ఒళ్లు జలదరించాలట. నిజమేరా. ఈడిపస్ పెరిగిన కొరింత్ నుంచి ఒక ముసలాయన వస్తాడు, మీ నాన్న పోయాడు, ఇక ఆ రాజ్యం నీదే అంటాడు. తండ్రిని చంపుతావన్న జోస్యం తప్పిందని ఈడిపస్ ఊపిరి పీల్చుకుంటాడు గానీ, తల్లిని పెళ్లాడతావన్న భాగం ఇంకా పీకుతూనే ఉంటుంది. ఆ భయం కూడా తీర్చేద్దామని పాపం ఆ ముసలాయన, ఆ రాజూ రాణీ నీ కన్నవాళ్లే కాదయ్యా, పసిగుడ్డుగా నిన్ను తెచ్చిచ్చింది నేనే అనేస్తాడు. పక్కనే ఉన్న భార్య జొకాస్టాకి, తనే అతని కన్నతల్లినని అప్పుడే అంతా అర్థమైపోతుంది, ఇంకేం అడగొద్దని బతిమాలుతుంది, అతను వింటేగా. టెన్షన్ తగ్గించడానికి వచ్చినవాడే కొంప ముంచాడు.

తమాషా ఏంటంటే, ఈడిపస్‌లా పొరపాటు చేసి పడిపోయినవాడి కథే మేలని ఒకచోట చెప్పిన అరిస్టాటిల్, కాసేపటికే, చంపబోతూ అయినవాళ్లని గుర్తుపట్టి ఆగిపోయే కథ ఇంకా మేలంటాడు. యూరిపిడీస్ అనే గ్రీకు కవి నాటకంలో ఇఫిజెనియా, ఎవరో తెలియక సొంత తమ్ముణ్ణే బలివ్వబోతుంది. ఇంటికి పంపే ఉత్తరం దారిలో పోతుందేమోనని అందులో ఉన్నది పైకి చెబుతుంది, దాంతో ఎదురుగా ఉన్న తమ్ముడికి ఆమె తన అక్కేనని తెలిసిపోతుంది. ఎవరూ చావరు. ఈ రెండు మాటల్నీ కలపడానికి పండితులు నానా తంటాలూ పడ్డారు, నాకైతే ఆయనకి రెండు నాటకాలూ నచ్చాయంతే అనిపిస్తుంది.

గ్రీకు మహాకవి హోమర్‌ని అరిస్టాటిల్ మెచ్చుకున్నదీ అల్లిక దగ్గరే. ట్రాయ్ యుద్ధం పదేళ్లు, హోమర్ కావ్యం ‘ఇలియడ్’ నడిచేది గ్రీకు వీరుడు అకిలీస్ కోపం చుట్టూ కొన్ని వారాలు. ట్రాయ్‌ని పడగొట్టిన చెక్కగుర్రం ఊసే లేదు, ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో ఆపేశాడు.

ఇక భాష. నాటకకర్త ఎస్కిలస్, కాలి పుండుతో బాధపడే వీరుడు ఫిలోక్టెటీస్ చేత ‘పుండు నా కాలి కండని తింటోంది’ అనిపించాడు. యూరిపిడీస్ ఒక్క మాట మార్చాడు: పుండు ‘విందు చేసుకుంటోంది’. మొదటిది చప్పన, రెండోది అందం అని అరిస్టాటిల్ తీర్పు. నేనొప్పుకోను. కాలు కుళ్లిపోతున్నవాడు ‘తింటోంది’ అంటే నాకు నొప్పి వినిపిస్తుంది, విందు అనేసరికి మధ్యలో కవి దూరిపోయాడు. కాకపోతే, రూపకం ఒకరి దగ్గర నేర్చుకుంటే వచ్చేది కాదు, పోలికని పట్టే కన్నుండాలన్నాడే, అక్కడ మాత్రం దండం పెట్టేశా.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. పంపుతానన్న కథ ఇంకా పంపలేదు నువ్వు, ఏమైంది?

నీ,
కృష్ణ