లెక్కకు రాని ఊక

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. బియ్యం మిల్లుల్లో ఊక, నీళ్లు ఎలా ఖర్చవుతున్నాయో పరిశోధించేందుకు మిర్యాలగూడ మిల్లుల చుట్టూ తిరుగుతూ జవాబు రాయలేకపోయాను, ఏమీ అనుకోకు. "వడ్లు పోస్తే బియ్యం వస్తాయి, అందులో పరిశోధించేందుకేముంది?" అన్నావు. ఆ మాట నన్ను వదలలేదు. ఓపికగా చదువు మరి.

క్వింటాలు వడ్లు ఆడిస్తే ఉప్పుడు బియ్యం 68 కిలోల దాకా వస్తాయి. ఊక సుమారు 20 కిలోలు. మిగిలినది తవుడు, తరుగు. ఆ ఊకనే బాయిలర్‌లో వేసి, వచ్చిన ఆవిరితో నానిన వడ్లను ఉడికిస్తారు, ఆరబెడతారు. గింజను ఉడికించే వంటచెరకు గింజ పొట్టే! మొదటిసారి చూసినప్పుడు ఎంత ముచ్చటపడ్డానో.

అయితే ఒక మిల్లులో ఆవిరి గొట్టాలకు వేడి పోకుండా ఆపే తొడుగే లేదు. ఒక వాల్వు దగ్గర ఆవిరి బుసలు కొడుతోంది, నేనున్న మూడు రోజులూ అంతే. వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్‌లో ఆవిరి చల్లారి దిగే వేడినీటిని తిరిగి బాయిలర్‌కు పంపితే బోలెడు ఊక మిగులుతుంది. ఆ నీటిని కాలువలోకి వదిలేస్తున్నారు. యజమాని కరెంటు బిల్లు పైసలతో సహా చెప్పారు. రోజుకెంత ఊక కాలుతుందని అడిగితే మాత్రం, "మన ఊకే కదండీ, లెక్కెందుకు?" అన్నారు.

నేను వెతుకుతున్నది ఆ మాటలోనే దొరికింది. బిల్లు రాని దాన్ని ఎవరూ తూచడం లేదు. కాని అదే ఊకను ఇటుక బట్టీలవాళ్లు డబ్బిచ్చి కొంటున్నారు కదా! నీళ్ల సంగతీ అంతే. కిలో వడ్లు నానడానికి లీటరుకు పైగా కావాలి. నానబెట్టాక ఆ నీళ్లు పసుపు రంగుకు తిరిగి, పులిసి కంపు కొడతాయి. శుద్ధి చేయకుండా వదిలితే కాలువ పక్క ఇళ్లవాళ్లు భరించాలి. అది తలచుకుంటే నాకు కోపం ఆగదు.

బూడిద గురించి ఒక్కటి చెప్పాలి. ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. సరైన వేడిలో కాలిస్తే సిమెంటులో కలపడానికి పనికొస్తుంది. నల్లగా ఉందంటే ఊక సగమే కాలిందని అర్థం. ఇది నాకు బాయిలర్ దగ్గరి కార్మికుడు అరచేతిలో పోసి చూపించాడు. నేను బయలుదేరే రోజుకు అతను గోడ మీద సుద్దతో బాయిలర్‌లో వేసే ఊక తట్టల లెక్క రాస్తున్నాడు. నేను అడగనైనా లేదు. ఆ గీతలు చూసి ఎంత సంతోషించానో నీకే చెప్పగలను.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. ఈలోగా మీ మామయ్యగారి మిల్లుకు వెళ్లి, బూడిద ఏ రంగులో ఉందో చూసి రాయి.

నీ
మిత్రుడు