కారు సంగతి కాదులే, ఊరికే రాస్తున్నా

తెనాలి
సంక్రాంతి వెళ్లిన వారం

అమ్మడూ,

పైన సున్నుండలు, కింద కందిపొడి. ఉత్తరం కవర్లో పెట్టి కందిపొడి డబ్బాకి అంటించాను, నూనె మరక అయితే తిట్టుకోకు. మీ నాన్న కార్గోలో వెయ్యడానికి బస్టాండుకి వెళ్తానని చెప్పులేసుకుని కూర్చున్నారు, ఆయన విసుక్కునేలోపు రాసేయాలి. చిట్టి దగ్గు తగ్గిందా? సిరప్ పోసేసి అయిపోయిందనుకోకు, రాత్రి ఫ్యాన్ స్పీడు తగ్గించు. నీకు సున్నుండలు పడవని నువ్వంటావు కానీ పడతాయి, రోజుకొకటి తిను.

ఇక్కడ కొత్త విశేషాలేం లేవు. వెనకింటి మునగచెట్టు మన గోడ మీదికి ఒరిగింది. పండక్కని వెళ్లిన బుల్లెమ్మ ఇంకా రాలేదు, అంట్లు నేనే తోముకుంటున్నా. మొన్న రాజేశ్వరి పిన్ని వాళ్లింట్లో వ్రతానికి వెళ్తే, పిన్ని గారెలు వడ్డిస్తూ అందరి ముందూ "శ్వేత షోరూంలో పెద్ద గొడవ చేసిందటగా అక్కా" అంది. నాకేం తెలుసు? తెలిసినట్టే తలూపి గారె తిన్నాను. ఇంటికొచ్చి నీకు ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా" అని మెసేజ్ పెట్టావు. పండగ రోజు కూడా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశావు. సరే, కారు గురించి అడగడానికి కాదు ఈ ఉత్తరం.

పిన్ని చెప్పినదాన్నిబట్టి దసరాకి బుక్ చేసినప్పుడు ఎక్స్-షోరూం, అదే రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ కలపని ధర, 9 లక్షల 85 వేలన్నారట, ఇప్పుడు పది లక్షలు దాటించారట, ఇస్తామన్న డిస్కౌంటు ఎగ్గొట్టారట. నిజమేనా? నిజమైతే అది ఆ పెరిగిన వేలతో పోయేది కాదు. పది లక్షల గీత దాటితే రిజిస్ట్రేషన్‌కి కట్టే లైఫ్ ట్యాక్స్ స్లాబు మారి ఎక్కువ పడుతుంది. ఇంకో 1 శాతం టీసీఎస్ పడుతుంది, అంటే అమ్మేవాడు మన దగ్గర ముందే వసూలు చేసి కట్టే ఇన్‌కం ట్యాక్స్. ఆ టీసీఎస్ మాత్రం షోరూం వాడి దోపిడీ కాదు, నీ పాన్ మీద జమయ్యి రిటర్నులో వెనక్కొస్తుంది, దాని కోసం గొంతు చించుకోకు. లోను శాంక్షన్ అయ్యాక ధర పెరిగితే ఆ పెరిగిందంతా మార్జిన్ కింద, అంటే మన వాటా కింద, నీ చేతిలోంచే పోతుంది. అన్నేళ్లు బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చున్నదాన్ని, కొత్త బండి కోసం బంగారం తాకట్టు పెట్టినవాళ్లని ఎంతమందిని చూశానో. నువ్వు ఆ పని చేశావేమోనని... చెయ్యలేదు కదా?

మీ సత్యం బాబాయి కారు సంగతి నీకు సగమే తెలుసు, అప్పుడు నువ్వు పుణేలో ఉన్నావు. శిరీష పెళ్లికి ఇంటి ముందు కొత్త కారుండాలని పట్టుబట్టి 2021లో బుక్ చేశాడు. చిప్పులు దొరక్క కార్లే దొరకని రోజులవి. బాబాయి మామూలోడా, సేల్స్ అబ్బాయి చేత విజిటింగ్ కార్డు వెనకాల "ఆన్ రోడ్ 14,20,000 ఫిక్స్‌డ్" అని, అంటే అన్నీ కలిపి అంతేనని, రాయించి సంతకం పెట్టించాడు. మధ్యలో ఆ అబ్బాయి పెన్ను ఆగిపోయింది. 14,20 వరకు నీలం ఇంకు, మూడు సున్నాలూ బాబాయి జేబులోని ఎర్ర పెన్నుతో. ఆ కార్డు తెచ్చి సత్యనారాయణస్వామి పటం వెనక దోపాడు. నెలలు గడుస్తున్నాయి, బండి రాదు. ఫోన్ చేస్తే "నెక్స్ట్ వీక్ సర్" అనేవాళ్లు. చివరికి పెళ్లి ఇంకో వారం ఉందనగా బండొచ్చిందని కబురు. వెళ్తే బిల్లు 15 లక్షల 5 వేలు!

బాబాయి కార్డు తీశాడు. మేనేజరు దాన్ని వేళ్ల కొసలతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఆ అబ్బాయి మానేశాడు సర్, ఇది మాకు చెల్లదు" అన్నాడు. తర్వాత బుకింగ్ ఫారం తెచ్చి వెనక పేజీ చూపించాడు. చీమ తలకాయంత అక్షరాల్లో, డెలివరీ రోజున ఉన్న ధరే వర్తిస్తుందని ఇంగ్లీషులో ఉంది. దాని కిందే బాబాయి సంతకం, అదీ పూర్తి పేరుతో. ఇంక బాబాయి అక్కడే సోఫాలో బైఠాయించాడు. వాళ్లు టీ ఇస్తే తాగాడు, మళ్లీ ఇస్తే మళ్లీ తాగాడు. మధ్యాహ్నం పిన్ని క్యారేజీ పంపిస్తే కొత్త కార్ల మధ్య కూర్చుని పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని తిన్నాడు. బండి చూడ్డానికి వచ్చినవాళ్లు వాసనకి వెనక్కి తిరిగి చూస్తున్నారని మీ నాన్న ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. సాయంత్రమైంది. అవతల పెళ్లి పనులు. ఏం చేస్తాడు, కట్టాడు.

కానీ కట్టేముందు మీ నాన్న ఒక పని చేయించారు. ఆయన చేసిన తెలివైన పనులు లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు, అందులో ఇదొకటి. పెరిగిన 85 వేలు దేనికెంతో విడివిడిగా రాసివ్వమని అడిగించారు. కంపెనీ పెంచింది 52 వేలు. యాక్సెసరీలు 25 వేలు, హ్యాండ్లింగ్ చార్జీలు 8 వేలు. "అభ్యంతరం ఉన్నా వేరే దారి లేక కడుతున్నాను" అని బాబాయి చేత అక్కడికక్కడే షోరూం వాళ్లకి ఈమెయిల్ కొట్టించి, ఆ తర్వాతే డబ్బు కట్టించారు. ఆ మీదట దండ, కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని ఫొటో. ఆ ఫొటో పిన్ని వాళ్ల హాల్లో ఉంది, ఈసారి వెళ్తే చూడు, బాబాయి ఆముదం తాగిన మొహం పెట్టుకుని ఉంటాడు.

పెళ్లయ్యాక గుంటూరులో వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాడు. కేసు నంబరు పడ్డాక షోరూం వాళ్లే కబురు పెట్టి యాక్సెసరీల డబ్బు, హ్యాండ్లింగ్ డబ్బు కలిపి 33 వేలు వెనక్కిచ్చారు. యాక్సెసరీలు అసలు బిగించనే లేదు, సీటు కవర్లు తప్ప. కంపెనీ పెంచిన 52 వేలు మాత్రం రాలేదు. సంతకం పెట్టిన షరతు ఉంది కదా. అందుకే ముందు దేనికెంతో చూడమంటున్నా. నువ్వు అన్నిటికీ కలిపి ఒకే గొడవ పెట్టుకుని ఉంటావు, నాకు తెలుసు నీ సంగతి.

ఆ షరతు ఎప్పుడూ మనకి ఎదురే తిరుగుతుందని కూడా కాదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పుడు శీను ముందే బుక్ చేసిన చిన్న కారు 29 శాతం పన్ను పోయి 18కి వచ్చింది. డెలివరీ రోజు ధరే అన్నారు కాబట్టి షోరూం వాళ్లు తగ్గిన ధరే తీసుకోవాల్సి వచ్చింది. కాకపోతే ఆ షోరూం వాడు ముందు ఒప్పుకున్న డిస్కౌంటులో కోత పెట్టబోయాడు. శీను వాట్సాప్‌లో వాడు పంపిన కొటేషన్ చూపిస్తే నోరు మూసుకున్నాడు. నీకిస్తానన్న డిస్కౌంటు ఎక్కడైనా రాతలో ఉందా? మెసేజ్ ఉన్నా చాలు. వాయిస్ మెసేజ్ అయితే డిలీట్ చెయ్యకు. ఫలానా తేదీలోపు బుక్ చేసినవాళ్లకి పాత ధరే అని కొన్ని కంపెనీలు ప్రకటిస్తుంటాయి, ప్రైస్ ప్రొటెక్షన్ అంటారు, నీ కారు కంపెనీ అలాంటిదేమైనా ఇచ్చిందేమో కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడుగు. షోరూం వాడు తనంతట తాను చెప్పడు.

ధనుర్మాసంలో బండి వద్దని మీ అత్తగారు అన్నారని పిన్ని అంటోంది. అన్నారో లేదో నేనడగను. ఆవిడ వద్దన్నా అనకపోయినా డిసెంబరులో వాళ్ల దగ్గర బండి లేదు కదా, ఆలస్యం వాళ్లది. నువ్వు ఆవిడ మీద విసుక్కోకు. జనవరి వచ్చిందంటే కంపెనీలు రేట్లు పెంచడం ఏటా ఉన్నదే. కానీ నీకిచ్చే బండి ఎప్పుడు తయారైంది? సేల్ సర్టిఫికెట్, అదే ఫారం 21, అందులో నెల, సంవత్సరం ఉంటాయి. పోయిన ఏడాది తయారైన బండిని ఈ ఏడాది రేటుకి అంటగడుతుంటే ఒప్పుకోకు. రేపు అమ్మేటప్పుడు ఏడాది పాతదవుతుంది. ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరే తీసుకోవాలని రూలేం లేదు, బయట కొటేషన్ తెప్పించి పక్కపక్కన పెట్టు. 

గొంతు పెంచకు. ఈమెయిల్ రాయి, కాపీ కంపెనీకి పెట్టు. వారం చూడు. పలక్కపోతే 1915కి ఫోన్ చెయ్యి, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. అప్పటికీ కాకపోతే మీ జిల్లా కమిషన్ ఉండనే ఉంది. బండికి కట్టింది పది లక్షల లోపైతే కేసు ఫీజు 200 రూపాయలు, దాటితే 400. రెండేళ్లలోపు ఎప్పుడైనా వెయ్యొచ్చు, సెలవు పెట్టి పరిగెత్తక్కర్లేదు. అసలు ఆ బండే వద్దనుకుంటే బుకింగ్ డబ్బు వెనక్కి అడుగు, ఎంత కోస్తారో కూడా ఆ ఫారంలోనే ఉంటుంది. కారు లేకపోతే పరువేం పోదు. మీ తాతయ్య చేతక్ స్కూటర్ బుక్ చేసి ఏళ్ల తరబడి సైకిలు తొక్కారు.

లెక్చరు ఇచ్చానంటావు. ఇవ్వలేదు. నువ్వు ఫోన్ ఎత్తి ఉంటే ఇంత రాసేదాన్నే కాదు. డబ్బు తక్కువైతే మీ నాన్న ఎఫ్‌డీ ఒకటి మార్చిలో మెచ్యూర్ అవుతుంది, ఆయన నీతో చెప్పొద్దన్నారు, నేను చెప్పలేదనుకో. కానీ షోరూం వాడికి ఊరికే కట్టడానికైతే రూపాయి ఇవ్వను.

ఆదివారం పన్నెండు తర్వాత ఫోన్ చెయ్యి, ఆ టైముకి మీ నాన్న పేపరు మొహం మీద వేసుకుని పడుకుంటారు, నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు. ఈలోపు నువ్వు సంతకం పెట్టిన ఫారం రెండు వైపులా ఫొటో తీసి నాకు పంపు. అక్షరాలు కనిపించేలా, వెలుతురులో పెట్టి తియ్యి. డబ్బాలు కడిగి దాచు, ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురా. పోయినసారివే ఇంకా రెండు నీ దగ్గరున్నాయి.

అమ్మ