బ్లాకుల లెక్కతో తేలదురా

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? నీ ఉత్తరం నిండా బాస్కెట్‌బాల్ సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగువాడు) రూడీ గోబేర్ భజనే. ఏటా మేటి డిఫెండర్‌కిచ్చే డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ అవార్డు నాలుగుసార్లు కొట్టాడు కాబట్టి అందరికన్నా వాడే గొప్ప అన్నావు, సరే. కానీ "రస్సెల్ ఇప్పుడుంటే బెంచీ మీదే" అని పాతకాలపు సెంటర్ బిల్ రస్సెల్ గురించి కూడా రాశావు చూడు, అది చదివాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

బ్లాకుల లెక్క, అంటే ఎవరు ఎన్ని షాట్లు చేత్తో ఆపారన్నది, తీసి కొట్లాడదామంటావా? అమెరికా లీగ్ ఎన్‌బీఏ వాళ్లు బ్లాకులు రాసిపెట్టడం మొదలుపెట్టిందే 1973-74 సీజన్లో. రస్సెల్ 1969లోనే ఆట మానేశాడు, అదే కాలపు సెంటర్ విల్ట్ చాంబర్లిన్ 1973లో. ఆ ఇద్దరి పేరు మీద రికార్డుల్లో ఒక్క బ్లాకూ లేదు! రస్సెల్‌కి ఉన్నదల్లా ఆడిన 13 సీజన్లలో తన జట్టు సెల్టిక్స్ కొట్టిన 11 టైటిళ్లు. పైగా రస్సెల్ బంతిని గ్యాలరీలోకి బాది చప్పట్లు కొట్టించుకునే రకం కాదు. బయటికి పోతే బంతి మళ్లీ అవతలివాళ్లదే కదా. అందుకే తగినంతగా తట్టి కోర్టులోనే ఉంచేవాడు, అది తనవాళ్ల చేతిలో పడితే అక్కణ్ణుంచే ఫాస్ట్ బ్రేక్, అంటే అవతలివాళ్లు సర్దుకునేలోపే దాడి. కాలేజీ రోజుల్లో హైజంప్‌లో పేరు మోసినవాడు, 6 అడుగుల 10 అంగుళాల మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉండే గార్డుల వెంట కూడా పరుగెత్తగలడు. అలాంటివాణ్ణా నువ్వు బెంచీ మీద కూర్చోబెట్టేది?

నన్నడిగితే చూడాల్సింది ఏ కాలంలో పొడుగువాడు ఎంత నేల కాయాల్సి వచ్చిందన్నది. మార్క్ ఈటన్‌ని తీసుకో. 7 అడుగుల 4 అంగుళాలు, అంతకుముందు కార్ల మెకానిక్. చిన్న ఆటగాళ్ల వెనక పరుగెత్తడం మాని రిమ్ (బుట్ట) దగ్గరే కాపలా ఉండమని అతనికి చెప్పింది ఎవరనుకున్నావు, సాక్షాత్తూ చాంబర్లినే. 1984-85లో మ్యాచ్‌కి 5.56 బ్లాకులు. ఆ రికార్డు ఈనాటికీ చెక్కుచెదరలేదు. మరి ఆ రోజుల్లో ఒక జట్టు మ్యాచ్ మొత్తమ్మీద వేసే త్రీలు (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) సగటున మూడు! సెంటర్లందరూ రిమ్ దగ్గరే నిలబడి ఆడేవాళ్లు కాబట్టి ఈటన్‌కి బయటికొచ్చే పని పెద్దగా ఉండేది కాదు. ఇప్పుడు ఒక్కో జట్టు ముప్ఫైకి పైగా వేస్తోంది. పైగా 2001-02లో జోన్‌ని (మనిషిని కాక చోటుని కాయడం) అనుమతిస్తూనే, ఎవరినీ కాయకుండా బుట్ట ముందుండే పెయింట్‌లో మూడు సెకన్లకు మించి నిలబడకూడదని రూలు పెట్టారు.

నీ గోబేర్‌కి తగిలిన దెబ్బ కూడా అక్కడే. 2021 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం ఆడే మ్యాచ్‌లు) క్లిప్పర్స్‌తో ఆరో మ్యాచ్ గుర్తుందిగా? గోబేర్ జట్టు జాజ్ 25 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. క్లిప్పర్స్ వాళ్లు సెంటర్ లేకుండా చిన్నవాళ్లనే దింపారు. మూలన నిలబడ్డ టెరెన్స్ మన్ 39 పాయింట్లు బాదేశాడు. గోబేర్ ఒక్కణ్ణే తిట్టడం అన్యాయంలే. ముందున్న గార్డులు ఎవరినీ ఆపలేకపోతుంటే రిమ్ కాయాలి, మూలకీ పరుగెత్తాలి, ఎంతని చేస్తాడు? కానీ ఆ పరుగే ఈ కాలపు పరీక్ష. 6 అడుగుల 6 అంగుళాల డ్రేమాండ్ గ్రీన్‌కి 2017లో అదే అవార్డు ఎందుకొచ్చిందో ఆలోచించు.

ఏ కాలంలో వదిలినా బతికేవాడు ఒక్కణ్ణి చెప్పమంటే నేను హకీమ్ ఒలాజువాన్ పేరే చెప్తా. లాగోస్‌లో హ్యాండ్‌బాల్ ఆడి, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా నిలబడి వచ్చిన కాళ్లవి. 3,830 బ్లాకులు ఒక ఎత్తు, సెంటర్ అయ్యుండి 2,162 స్టీల్స్ (అవతలివాళ్ల బంతి లాక్కోవడం) ఇంకో ఎత్తు. 1994 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చివరి క్షణాల్లో అవతలి జట్టు నిక్స్ ఆటగాడు జాన్ స్టార్క్స్ త్రీ వేస్తుంటే, ఈయన బయటి దాకా వచ్చి వేలి కొసతో తాకాడు. ఈయన జట్టు రాకెట్స్ 86-84తో బతికి బయటపడి, ఏడోదీ గెలిచింది. ఇప్పటి సెంటర్లని రోజూ చెయ్యమంటున్నది ఆ పనే, ఆయన అప్పుడే చేసి చూపించాడు.

కుర్ర సెంటర్ వెంబన్యామా సంగతి ఇప్పుడే తేల్చనురా. మొదటి ఏడాదే మ్యాచ్‌కి 3.6 బ్లాకులంటే మాటలు కాదు, కానీ ప్లేఆఫ్స్‌లో ఏళ్ల తరబడి చూడాలి. నువ్వు మాత్రం ముందు ఆ 1994 మ్యాచ్ మొత్తం చూడు, హైలైట్స్ కాదు. చూశాక కూడా గోబేరే అంటే అప్పుడు మళ్లీ తిడుతూ రాస్తా.

అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
మురళి