ఉప్పునీళ్ల మెషీన్‌కి డబ్బులెవరిస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం. చెన్నైలో సముద్రపు నీళ్లని తాగేనీళ్లు చేసే ఓ చిన్న స్టార్టప్‌లో పనిచేస్తున్నానండి, మాది నెల్లూరు వైపు. చెన్నై దగ్గరే మీంజూరులో 2010 నుంచి, నెమ్మేలిలో 2013 నుంచి రోజుకి 10 కోట్ల లీటర్ల ప్లాంట్లున్నాయి కదా ఇంక మీరేం చేస్తారని అందరూ అడుగుతారు, మాది తీరంలోని ఊళ్లకి సరిపోయే చిన్న యూనిట్. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది, ఆ నీళ్లని మెంబ్రేన్, అంటే ఉప్పుని ఆపేసే పల్చటి పొర, గుండా తోయాలంటే 55-70 బార్ల ప్రెషర్ (మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు అన్ని రెట్లు) కావాలి, కరెంటు ఖర్చంతా ఆ పంపు దగ్గరే. వదిలేసే ఉప్పునీళ్ల ప్రెషర్‌ని మళ్లీ వాడుకునేలా చేశాం, ఇప్పుడు యూనిట్ రాత్రంతా ఆగకుండా నడుస్తోంది, ఫిల్టర్ విప్పితే మాత్రం పచ్చగా జిగురు నాచు, అదింకా తేలలేదు.

ఫండింగే పెద్ద తలనొప్పి. ఇన్వెస్టర్లు గ్లాసుడు నీళ్లు తాగి బాగున్నాయంటారు, కస్టమరెవరు అంటే పంచాయతీ అని చెప్పగానే మొహం మాడ్చుకుంటారు. పంచాయతీ వాళ్లేమో వేరేచోట ఏడాది నడిపి చూపించమంటారు, ఆ ఏడాది నడపడానికే కదండీ మేం డబ్బులడిగేది! యాప్ అయితే ఈపాటికి ఎవరో ఒకరు ఇచ్చేవాళ్లేమో. 2019లో కరువొచ్చి జోలార్‌పేట నుంచి చెన్నైకి రైల్లో నీళ్లు తెచ్చుకున్నాం, అప్పుడే మర్చిపోయారు. మీ పేపర్లో స్టార్టప్ వార్తలు బాగానే వేస్తున్నారు, ఇలాంటి కంపెనీలకి మొదటి ఆర్డర్ ప్రభుత్వమే ఎందుకివ్వకూడదో కూడా ఒకసారి రాయండి.

- ఓ పాఠకుడు, చెన్నై