వార్షిక నివేదిక: తోరా-సాన్ పెళ్లి సంగతి తేలని ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది వరకు మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా చదువుతారు కాబట్టి ఆ జోలికి నేను పోను. వినాయక చవితి, బతుకమ్మ, సంక్రాంతి ఎప్పటిలాగే జరిగాయి. పిల్లల తెలుగు క్లాసు ఆదివారం నుంచి శనివారానికి మార్చాం. మార్చాక హాజరు తగ్గింది, మళ్లీ ఆదివారానికే మారుస్తున్నాం. సంఘం పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లినవాళ్లు దయచేసి తిరిగి ఇవ్వండి. ఈ మాట పోయినేటి నివేదికలోనూ రాశాను.

మిగతాదంతా ఒక పెళ్లి గొడవ.

మొదలైంది పోయినసారి సర్వసభ్య సమావేశంలో. సంఘం తరఫున పెళ్లి పరిచయ వేదిక పెడదామని ఒక ప్రతిపాదన వచ్చింది. టోక్యోలో మనముండే నిషికసాయిలో, ఆ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే పెళ్లికాని పిల్లలు చాలామంది ఉన్నారు, ఊళ్లో అమ్మానాన్నలు టెన్షన్ పడుతున్నారు, మనమే పూనుకుంటే బాగుంటుందని పెద్దల ఉద్దేశం. సదుద్దేశమే, కాదనను. కానీ వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచి, "నేను పండగలకి రావడం మానేసిందే ఈ ప్రశ్నకి భయపడండీ" అన్నాడు. హాలంతా గప్‌చుప్. అప్పటికే మన సినిమా బృందం నెలకొకటి చొప్పున తోరా-సాన్ అనే జపాన్ పాత్ర సినిమాలు చూస్తోంది. దాన్ని పట్టుకుని అతనే, "ముందు ఆ తోరా-సాన్ పెళ్లి సంగతి తేల్చండి, తర్వాత నా సంగతి చూద్దురుగాని" అని కూర్చున్నాడు. అందరూ నవ్వారు. అధ్యక్షులు ప్రతిపాదనను కమిటీకి పంపారు. కమిటీ ఏడాదంతా తోరా-సాన్ పెళ్లి గురించే మాట్లాడింది.

సినిమాలు చూడనివాళ్ల కోసం కాస్త చెబుతాను. తోరా అంటే పులి, సాన్ అంటే గారు. పూర్తి పేరు కురుమా తొరాజిరో. చిన్న సూట్‌కేసు పట్టుకుని ఊరూరా తిరునాళ్లలో సరుకు అమ్ముకునే మనిషి. నోరు పెద్దది, మనసు మెత్తన, నిలకడ సున్నా. టోక్యోలో షిబమతా అనే పేటలో బాబాయి, పిన్నీ తీపి ఉండల దుకాణం నడుపుతుంటారు. సవతి చెల్లెలు సకురా. ఇతను ఉన్నట్టుండి ఇంటికొస్తాడు, ఎవరో ఒకామెను చూసి మనసు పారేసుకుంటాడు, ఇంట్లో గొడవ పడతాడు, మళ్లీ సూట్‌కేసు పట్టుకుని వెళ్లిపోతాడు. 1969 నుంచి 1995 దాకా 48 సినిమాల్లో కథ ఇదే. అన్నిటిలోనూ తోరా వేషం అత్సుమి కియోషిదే. రెండింటికి తప్ప మిగతా అన్నిటికీ దర్శకుడు యమదా యోజి. చాలా ఏళ్లపాటు ఏడాదికి రెండొచ్చేవి, వేసవిలో పోయిన పెద్దల్ని తలుచుకునే ఒబోన్ పండక్కి ఒకటి, కొత్త సంవత్సరానికి ఒకటి. మనకి సంక్రాంతి సినిమా ఎలాగో వాళ్లకి తోరా-సాన్ అలాగ.

అంతకుముందు ఇది టీవీ నాటకం. 1968లో మొదలై 26 భాగాలు వచ్చింది. చివరి భాగంలో తోరాని అమామి దీవుల్లో పాము కాటుతో చంపేశారు. చూసేవాళ్లు ఊరుకోలేదు, టీవీవాళ్ల మీద విరుచుకుపడ్డారు. ఆ కోపమే అతన్ని సినిమాగా బతికించింది. మన దగ్గర సీరియల్లో పాత్రని చంపితే మహా అయితే రెండు రోజులు తిట్టుకుని మూడోరోజు కొత్త సీరియల్ పెడతాం. వీళ్లు పాతికేళ్లకి పైగా వెంటపడి బతికించుకున్నారు.

బతికించుకున్నవాళ్లు పెళ్లి చేయకుండా వదులుతారా? అదే కదా ప్రశ్న.

మేం మొదట అనుకున్నది, పాపం ప్రతి సినిమాలోనూ అమ్మాయిలే కాదంటారు అని. మొదటి కొన్నిటిలో చాలావరకు అంతే. పదో సినిమా దగ్గర లెక్క మారింది. అందులో చియో అని చిన్ననాటి స్నేహితురాలు. భర్తతో విడిపోయి జుట్టు అలంకరించే పని చేసుకుంటూ ఉంటుంది. తోరా బాబాయి ఇంట్లో అద్దెకున్న ప్రొఫెసర్ ఆమెని ప్రేమిస్తాడు. చెప్పే ధైర్యం లేదు. ఆయన తరఫున అడగడానికి కమెయిదో గుడికి వెళ్తాడు తోరా. తన కోసమే అడుగుతున్నాడనుకుని ఆమె, నీతో అయితే సరేనంటుంది. మనవాడికి కాళ్లు చల్లబడిపోయాయి! అది చూసి ఆమే వేళాకోళానికి అన్నానంటూ మాట మార్చేసింది. 29వ సినిమాలో అయితే ఒకామె రాత్రి తోరా ఉన్న గదికే వస్తుంది. ఇతను నిద్ర నటిస్తాడు. తెనాలి నుంచి కొడుకు దగ్గరికి మూడు నెలల వీసా మీద వచ్చిన ఒక పెద్దావిడ, ఆ సీను చూస్తూ, "లేవరా వెధవా" అని టీవీకేసి అరిచారు. ఆవిడకి జపనీస్ రాదు, కింద పడే ఇంగ్లీషు అక్షరాలూ చదవలేరు. ఏమీ అడ్డం రాలేదు.

అసలు వాదన లిలీ దగ్గర రగిలింది. లిలీ క్లబ్బుల్లో పాడుకుంటూ ఊళ్లు తిరిగే గాయని. ఆ పాత్ర వేసింది అసావొకా రురికో. 1973లో వచ్చిన 11వ సినిమాలో హొక్కాయిదోలో తోరాకి పరిచయం అవుతుంది. ఇద్దరూ ఒకే రకం మనుషులు, రేపు ఎక్కడుంటారో తెలియనివాళ్లు. 1975లో 15వ సినిమా. అందులో తోరాని చేసుకుంటావా అని సకురా మెల్లగా అడిగితే లిలీ సరేనంటుంది. ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోతాయి. అప్పుడే లోపలికొచ్చిన తోరా, ఏయ్ వేళాకోళమే కదా, అంటాడు. ఒక్క క్షణం ఆగి, అవును వేళాకోళమే, అంటుంది ఆమె. అది మా ఇంట్లోనే చూశాం. ఎవరూ టీకి లేవలేదు.

1980లో 25వ సినిమా. లిలీ ఓకినావాలో ఆస్పత్రిలో ఉందని తెలిసి, విమానమంటే వణికే మనిషి విమానమెక్కి వెళ్తాడు. కొన్నాళ్లు అక్కడే ఉంటాడు. తిరిగొచ్చాక షిబమతాలో, అందరి మధ్య, మాటల్లో మాటగా, నాతో కాపురం పెడతావా అని నోరు జారతాడు. గదిలో ఎవరికీ ఊపిరాడదు. చివరికి ఇద్దరూ అదంతా కలేనని దాటేస్తారు.

చర్చ రోజున చేతులెత్తమంటే పెళ్లి కావాలన్న వైపే ఎక్కువ లేచాయి. తెనాలి పెద్దావిడ రెండు చేతులూ ఎత్తారు. ఆవిడ వాదన సూటిగా ఉంది. కాలూ చెయ్యీ ఆడినన్నాళ్లు సరే, మంచాన పడితే మంచినీళ్లు ఇచ్చేదెవరు? ఆ చెల్లెలు ఎన్నాళ్లు గుమ్మంలోకి చూస్తూ కూర్చుంటుంది? మా ఆయనది వ్యాపారం వాదన. పెళ్లయితే కథ కంచికి, 16వ సినిమా ఎవడు తీస్తాడు అని. ఇరవై ఏళ్లుగా ఇక్కడి కంపెనీలో పనిచేస్తున్న ఒక సభ్యుడు మాత్రం ఆలోచించాల్సిన మాటన్నారు. ఆ రోజుల్లో ఆ హాళ్లు నింపింది పొద్దున్నే కిక్కిరిసిన రైల్లో ఆఫీసుకి వెళ్లే మగవాళ్లూ వాళ్ల సంసారాలూను. ఏడాదికి రెండుసార్లు సెలవొస్తే, కుదురుగా ఉన్నవాళ్లందరూ వెళ్లి కుదురులేనివాణ్ణి చూసి నవ్వి, కాస్త కుళ్లుకుని ఇంటికొచ్చేవాళ్లు. అతన్నీ కుదురుగా కూర్చోబెడితే ఇక సెలవెక్కడ అని ఆయన ప్రశ్న. (అత్సుమి మాత్రం సంసారిగానే బతికారు. ఆ సంసారాన్ని జనం కళ్లకి కనబడనివ్వలేదు.)

కార్యదర్శి తటస్థంగా ఉండాలి కాబట్టి నేను చేయి ఎత్తలేదు. ఇక్కడ చెప్పుకుంటాను. నా ఓటు వద్దనే. తోరా మీద ప్రేమ లేక కాదు. 25వ సినిమా ఆఖర్లో ఎండలో ఒక పల్లె బస్టాపు దగ్గర తోరా కూర్చుని ఉంటే, లిలీ వాళ్ల బృందం వ్యాను వచ్చి ఆగుతుంది. ఇద్దరి మొహాల్లో ఉన్న ఆ ఆనందం, ఓకినావాలో ఒకే చూరు కింద ఉన్నప్పుడు నాకు కనపడలేదు. వీళ్లకి ఇల్లు అచ్చిరాదు, బస్టాపు అచ్చొచ్చింది. అందుకని పెళ్లి చేసి విడగొట్టడమెందుకు?

సినిమా తీసినవాళ్లలోనూ ఇదే తగువు నడిచిందట. 48వ సినిమా నాటికి అత్సుమి బాగా జబ్బుతో ఉన్నారు. ఇదే ఆఖరిది కావచ్చనిపించి, తోరాకీ లిలీకీ పెళ్లి చేసెయ్యమని అసావొకా రురికో దర్శకుణ్ణి అడిగారు. యమదా చేయలేదు. 1995 డిసెంబరులో వచ్చిన ఆ సినిమాలో ఇద్దరూ అమామి ప్రాంతంలోని ఒక చిన్న దీవిలో కలిసే ఉంటారు, ఆడపిల్లని దింపడమంటే ఇంటి గుమ్మం దాకా దింపడమేనని తోరా ఆమె వెంట బయల్దేరతాడు కూడా. తీరా కొత్త సంవత్సరానికి లిలీ దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. పోట్లాడుకున్నాం, ఒక చీటీ పెట్టి పోయాడు, అని. 1995 జనవరిలో భూకంపంతో కూలిన కోబేలో, అక్కడివాళ్లని పలకరిస్తూ కనిపిస్తాడు ఆఖరున. 1996 ఆగస్టు 4న అత్సుమి చనిపోయారు, 68 ఏళ్లకి. మొదటిసారి టీవీలో పాముతో ముగించి చివాట్లు తిన్న కథ, రెండోసారి ముగింపే లేకుండా ఆగిపోయింది.

ఇక షిబమతా యాత్ర. మనముండే ఎదోగావా వార్డుని ఆనుకునే ఉన్న కత్సుషికా వార్డులో ఉంది. తకసాగోలో రైలు మారితే తర్వాతి స్టేషనే. ఇన్నేళ్లు ఇంత దగ్గర ఉండి ఎవరం వెళ్లలేదు. స్టేషన్ బయటే తోరా విగ్రహం, 1999లో పెట్టింది, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తుంటాడు. చాలా ఏళ్లు ఆ చూపు ఎవరికోసమో తెలియకుండా ఉండిపోయింది. 2017లో ఎదురుగా సకురా విగ్రహం పెట్టారు. అక్కడి గుడి పేరు తాయిషాకుతెన్. ఆ షాకు అన్నది మన శక్రుడే, సాక్షాత్తూ దేవేంద్రుడు. ఆ గుడి నీళ్లతో పురిటి స్నానం చేశానని తోరా ప్రతి ఊళ్లోనూ గొప్పలు పోతాడు. ఇంద్రుడి చలవా, పెళ్లి యోగం లేకపోవడమా, ఈ రెండూ ఎలా కుదిరాయో మన పురోహితుడుగారు కూడా చెప్పలేకపోయారు. వీధి పొడవునా అమ్మే పచ్చటి ఉండలు బియ్యప్పిండి ఉండ్రాళ్లే. పచ్చదనం యొమొగి ఆకుది. చవితినాడు పత్రిలో మనం వేసే మాచిపత్రి జాతే అది. పిల్లలు ప్రసాదమనుకుని కళ్లకద్దుకుని తిన్నారు. మ్యూజియంలో సినిమా కోసం వేసిన దుకాణం సెట్టు అలాగే ఉంది. అందరం ఫొటోలు దిగాం. వాన పడింది, ఇద్దరు చిన్నవాళ్లకి జలుబు చేసింది. వచ్చే ఏడు అందరూ గొడుగులు తెచ్చుకోవాలి.

తిరిగి వచ్చే రైల్లో ఆ వెనక వరస కుర్రాడు నా పక్కన కూర్చున్నాడు. 15వ సినిమాలో ఖర్బూజా సీను గుర్తుందా ఆంటీ అన్నాడు. ఎవరో ఖర్బూజా పండు కానుకగా ఇస్తారు. ఇంట్లో ఉన్నవాళ్లు తలా ఒక ముక్క కోసుకుని తింటుంటే తోరా వస్తాడు. లెక్కలో తోరాని మరిచిపోయారు. ఇంతేనా నేనంటే మీకు అని తోరా ఇల్లెగరగొడతాడు. ఆ సీను వచ్చినప్పుడు మేమందరం పొట్ట పట్టుకుని నవ్వాం. పెళ్లి అడిగితే నాకు చిరాకేగానీ బాధ లేదు, పోయిన సంక్రాంతి భోజనాల దగ్గర కుటుంబాల లెక్కన కుర్చీలు వేశారు, మేం నలుగురం గోడకి ఆనుకుని నిలబడి తిన్నాం, అన్నాడు. అతని గొంతులో ఫిర్యాదు లేదు. ఆ కుర్చీల లెక్క వేసింది నేనే.

కమిటీ నిర్ణయాలు ఇవి. పరిచయ వేదిక ప్రతిపాదన పక్కన పెట్టాం. కావాలనుకున్నవాళ్లు నేరుగా పెద్దలతో మాట్లాడుకోవచ్చు. పండగ నమోదు పత్రంలో 'కుటుంబం / ఒంటరి' అన్న గడులు తీసేశాం. ఇకనుంచి పేర్లు, మనుషుల సంఖ్య మాత్రమే. రుసుమూ తలకింత. దీనివల్ల పెద్ద కుటుంబాలకి కొంచెం ఎక్కువ పడుతుంది, తిట్లేమైనా ఉంటే కోశాధికారిగారికి కాదు, నాకు చెప్పండి. వడ్డన బాధ్యత ఈ ఉగాదికి ఆ నలుగురూ అడిగి మరీ తీసుకున్నారు.

సినిమా బృందం వచ్చే నెల 15వ సినిమానే మళ్లీ చూడాలనుకుంటోంది. మా ఇంట్లోనే, రెండో శనివారం సాయంత్రం. తెనాలి పెద్దావిడ వీసా అయిపోయి వెళ్లిపోయారు, ఫోన్లో వీడియో పెట్టమని కొడుక్కి చెప్పి వెళ్లారట. ఖర్బూజా నేను తెస్తాను. ఎంతమంది వస్తున్నారో శుక్రవారం లోపల చెప్పండి. ఆలస్యంగా వచ్చేవాళ్లూ ముందే చెప్పండి, ముక్క తీసిపెడతాను.

ఇట్లు,
కార్యదర్శి