ఆ ‘5’ అంటే ఏమిటో పట్టికలోనే ఉండాలి

సంపాదకులకు,

వేరుశనగను తెలంగాణలో పల్లీ అంటారు, రాయలసీమలో శనక్కాయ అంటారు. ఇంట్లో ఈ తేడాతో వచ్చే ఇబ్బందేమీ లేదు. కానీ ప్రజల సొమ్ముతో సేకరించిన పరిశోధన సమాచారంలో ఇలాంటి తేడాలు ఏళ్ల శ్రమను బూడిదలో పోసిన పన్నీరు చేస్తున్నాయి.

రెండేళ్ల కిందట నాలుగు పరిశోధన స్థానాల వేరుశనగ ప్రయోగ ఫలితాలను ఒకచోట చేర్చే పని నాకు అప్పగించారు. ఒక పట్టికలో ఆకుమచ్చ తెగులు గడిలో 5 అని ఉంది. మరో స్థానం పట్టికలో కూడా అదే రకానికి 5 అనే ఉంది. రెండూ ఒకటే అనుకుని సగటు తీశాను. మొదటివారు 1 నుంచి 9 వరకు, రెండోవారు 1 నుంచి 5 వరకు మార్కులు వేశారని ఆలస్యంగా తెలిసింది. అంటే ఒకచోట పైరు తెగులును ఓ మోస్తరుగా తట్టుకుంది, మరోచోట పూర్తిగా దెబ్బతింది. ఆ మాట పట్టికలో ఎక్కడా రాసిలేదు. ఎప్పుడో పదవీ విరమణ చేసిన క్షేత్ర సహాయకుడు ఒకరు అటక మీది పాత డైరీ దింపి, చూసి చెబితే గానీ రెండు వారాల చిక్కు వీడలేదు.

ఈ జబ్బుకు మందు ఎప్పుడో ఉంది. దాని పేరు ఆంటాలజీ. ప్రతి భావనకూ ఒక శాశ్వత గుర్తింపు సంఖ్య, ఒక నిర్వచనం ఇచ్చి, ఏది దేనిలో భాగమో, ఏది దేని రకమో కంప్యూటర్‌కు తెలిసేలా అల్లిన పదజాలం అది. ఈస్టు, పండుఈగ, చిట్టెలుక జన్యు సమాచారాన్ని భద్రపరిచే బృందాలు జన్యువులు చేసే ఒకే పనిని తలా ఒక పేరుతో రాసుకుంటున్నామని గ్రహించి 1998లో జీన్ ఆంటాలజీని మొదలుపెట్టాయి. పంటలకు క్రాప్ ఆంటాలజీ ఉంది. శనగ, కంది, వేరుశనగ వంటి పంటల పదాలను అందులో కూర్చడంలో మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు పాత్ర ఉంది. ఏ లక్షణాన్ని కొలిచారు, ఏ పద్ధతిలో కొలిచారు, ఏ కొలమానంలో రాశారు అనే మూడింటినీ అక్కడ విడివిడిగా చెప్పాలి. అలా చెప్పి ఉంటే నా తికమక పుట్టేదే కాదు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వహించే అగ్రోవాక్ పదకోశం 40కి పైగా భాషల్లో ఉంది. వాటిలో తెలుగూ ఒకటి. దాన్ని మన సమాచార నిధులకు జోడిస్తే, ‘కంది’ అని వెదికిన విద్యార్థికి ‘రెడ్ గ్రామ్’, ‘పిజియన్ పీ’, ‘అర్హర్’ పేర్లతో ఉన్న నివేదికలన్నీ ఒకేసారి దొరుకుతాయి. ఇప్పుడు నేను వాడుతున్న పోర్టల్‌లో ఒక్కో పేరుకు ఒక్కో జాబితా వస్తోంది. తెలుగులో వెదికితే ఒక్కటీ రాదు.

ఫరీదాబాద్‌లో 2022లో భారత జీవశాస్త్ర సమాచార కేంద్రాన్ని ప్రారంభించారు. దాచడానికి చోటు ఏర్పడింది, సంతోషం. అయితే అర్థం తెలియని అంకెలను ఎంత పెద్ద గిడ్డంగిలో పెట్టినా ఎవరికి ఉపయోగం? పట్టికలను ఇలా పదజాలానికి ముడిపెట్టడం అదనపు గుమాస్తా పని అని కొందరు సహోద్యోగులు విసుక్కుంటారు. వారి బాధ నాకు తెలుసు. పగలంతా పొలంలో ఉండి వచ్చి రాత్రి సంఖ్యలు సరిచూసుకోవడం మాటలు కాదు. అందుకే ప్రతి పరిశోధన నిధిలోనూ ఈ పనికి విడిగా సొమ్ము, శిక్షణ పొందిన మనిషి ఉండాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ వేడుకుంటున్నాను. పదజాలానికి ముడిపెట్టని పట్టికను తుది నివేదికగా అంగీకరించకూడదు.

ఆ క్షేత్ర సహాయకుడి ఇంట్లో ఇంకా పదకొండు డైరీలు ఉన్నాయట. ఆయనకు డెబ్బై దాటాయి. వాటిని ఆయన పక్కన కూర్చుని చదివించుకుని నమోదు చేసే మనిషిని ఈ ఏడాదే పంపాలి.

— ఒక వ్యవసాయ పరిశోధకురాలు, అనంతపురం